రచ్చబండ ఉండాల్సిన చోట పోలీస్ స్టేషన్: ‘రెడ్ రాక్’ అనే ఐరిష్ సీరియల్ వెనక కథ

ఒక రేవు పట్టణం. అందులో రెండు కుటుంబాలు. ఈ ఇంటికీ ఆ ఇంటికీ ఏళ్ల తరబడి పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఒక కొట్లాటలో ఈ ఇంటి కుర్రాడు చచ్చిపోతాడు, అందరి వేళ్లూ ఆ ఇంటి వైపే తిరుగుతాయి. అది చాలదన్నట్టు ఆ ఇంటి అబ్బాయికీ ఈ ఇంటి అమ్మాయికీ ప్రేమ. మధ్యలో పోలీసులు. ఇంతవరకు చెప్పి ఆపితే మనవాళ్లలో ఎవరైనా సరే “ఏ ఛానెల్లో వస్తుంది, ఏడున్నరకా ఎనిమిదికా?” అని అడుగుతారు.

ఇది ఐర్లండ్ సీరియల్. పేరు ‘రెడ్ రాక్’. 2015 జనవరి 7న టీవీ3 అనే ప్రైవేట్ ఛానెల్లో మొదలైంది. డబ్లిన్ తీరంలో ఉన్నట్టు కల్పించిన ఊరి పేరే సీరియల్ పేరు. పగ పట్టిన కుటుంబాలు కీలీలు, హెనెస్సీలు. చనిపోయినవాడు డారెన్ కీలీ. ప్రేమలో పడ్డవాళ్లు డేవిడ్ హెనెస్సీ, కేటీ కీలీ. రెండు మూడు భాగాలు చూస్తే ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిసిపోతుంది.

చిక్కంతా కథ బయట ఉంది. అప్పటికి జనాభా అర కోటి కూడా లేని దేశంలో, ప్రభుత్వ ఛానెల్లో అప్పటికే ఓ సీరియల్ పాతుకుపోయి ఉండగా, ఒక ప్రైవేట్ ఛానెల్ ఇంత ఖర్చు నెత్తిన ఎందుకు వేసుకుంది? కథకి నడిబొడ్డున పబ్బు బదులు పోలీస్ స్టేషన్ ఎందుకు వచ్చి కూర్చుంది? మంచి పేరు తెచ్చుకుని కూడా మూడు సిరీస్‌లకే ఎందుకు ఆగింది? మొదటి ప్రశ్నకీ మూడో ప్రశ్నకీ జవాబు ఒకటేనని నాకు అనిపిస్తుంది. రెండో ప్రశ్న వేరు. దానికి జవాబు వెతికితే ఐర్లండ్ గురించే ఎంతో తెలుస్తుంది.

అద్దె సీరియళ్లు

ఐర్లండ్ టీవీ గురించి ముందుగా తెలియాల్సింది ఒకటే. పక్కనే బ్రిటన్ ఉంది, రెండు చోట్లా జనం ఎక్కువగా మాట్లాడేది ఇంగ్లిషే. ఐర్లండ్‌కి సొంత టీవీ ఛానెల్ 1961 డిసెంబర్ 31న వచ్చింది. తూర్పు తీరంలో ఇంటి మీద పొడుగాటి యాంటెన్నా నిలబెట్టుకున్నవాళ్లకి బ్రిటిష్ ఛానెళ్లు ఎలాగూ అందుతుండేవి. మాంచెస్టర్ పక్క పేట కథ ‘కరొనేషన్ స్ట్రీట్’, లండన్ బస్తీ కథ ‘ఈస్ట్ఎండర్స్’ ఐరిష్ ఇళ్లకి ఎప్పుడూ పరాయివి కావు. మన దగ్గర హిందీ సీరియల్‌కి తెలుగు డబ్బింగ్ చెప్పి వేస్తే పెదవులు ఒకటి, మాట ఒకటి అవుతుంది. అక్కడ ఆ మాత్రం అడ్డు కూడా లేదు.

అందువల్ల అక్కడి ఛానెళ్ల పోటీ చాలాసార్లు బ్రిటిష్ సీరియళ్ల హక్కుల కోసం కుస్తీగా మారింది. కరొనేషన్ స్ట్రీట్ చాలాకాలం ప్రభుత్వ రంగంలోని ఆర్‌టీఈ చేతిలో ఉండేది. 1998లో టీవీ3 పుట్టింది. 2000లో కరొనేషన్ స్ట్రీట్ తీసే గ్రనాడా కంపెనీ టీవీ3లో 45 శాతం వాటా కొనుక్కుంది. వాటా కొన్నాక సరుకు వేరే కొట్లో ఎందుకు పెడతారు? 2001లో ఆ సీరియల్ ఆర్‌టీఈని వదిలి టీవీ3కి వచ్చేసింది. అదే ఏడాది ఈస్ట్ఎండర్స్ టీవీ3ని వదిలి ఆర్‌టీఈకి వెళ్లింది. అచ్చం కుండమార్పిడి పెళ్లే.

ఆ తర్వాత పన్నెండు పదమూడేళ్లు టీవీ3కి సాయంత్రాల గురించి బెంగ లేదు. కరొనేషన్ స్ట్రీట్, ‘ఎమర్‌డేల్’ రెండూ దాని దగ్గరే. ఒక్క సెట్టు వేయకుండా, ఒక్క నటుడికి జీతం ఇవ్వకుండా, వారంలో చాలా రోజులు జనం తమంతట తామే ఆ ఛానెల్ పెట్టుకునేవారు. సీరియల్‌తో వచ్చే లాభం ఆ అరగంట ప్రకటనలతో అయిపోదు. అది చూసినవాళ్లు రిమోట్ పక్కన పడేసి తర్వాత వచ్చేది కూడా చూస్తారు. ప్రకటనలు అమ్మేవాళ్లకి ఆ అలవాటే పెట్టుబడి.

అయితే ఎంత బాగా ముస్తాబు చేసుకున్నా అద్దె ఇల్లు అద్దె ఇల్లే. 2013 చివర్లో ఓనరు కబురు పెట్టాడు. బెల్‌ఫాస్ట్ కేంద్రంగా నడిచే యూటీవీ, డబ్లిన్‌లో కొత్త ఛానెల్ పెడుతోంది, కరొనేషన్ స్ట్రీట్, ఎమర్‌డేల్ ఇకపై దానికే అని తేలిపోయింది. టీవీ3 చేతిలో ఉన్న గడువు ఏడాది పైచిలుకు. ఆ ఏడాదిలో తయారైందే రెడ్ రాక్. 2015 జనవరి 1న యూటీవీ ఐర్లండ్ మొదలైంది. జనవరి 7న రెడ్ రాక్ మొదటి భాగం వచ్చింది. మధ్యలో ఆరు రోజులు.

అంటే రెడ్ రాక్ పుట్టింది ఎవరో రచయితకి అర్ధరాత్రి ఆలోచన తట్టి కాదు. పోయిన సరుకు జాగాలో సొంత సరుకు పెట్టాల్సిన అవసరం వచ్చి. ఈ మాట చిన్నబుచ్చడానికి అనడం లేదు. అవసరం మీద పుట్టిన మంచి పనులు బోలెడు. కానీ ఈ పుట్టుక సంగతి గుర్తుంచుకోవాలి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

సిగరెట్ల ఫ్యాక్టరీలో ఊరు

డబ్లిన్‌లోని ఎలిమెంట్ పిక్చర్స్, బ్రిటన్‌లోని కంపెనీ పిక్చర్స్ కలిసి ఈ సీరియల్ తీశాయి. కథకి రూపం ఇచ్చినవాడు జాన్ యార్క్. అంతకుముందు ఈస్ట్ఎండర్స్ నడిపిన మనిషి. ఏళ్ల తరబడి నడిచే కథకి ఎక్కడ ఏ కీలు బిగించాలో తెలిసినవాడు. రచయితల బృందానికి ముందు నిలబడింది ఐరిష్ రచయిత పీటర్ మెకెన్నా. ఎలిమెంట్ సంగతి ఇంకో ముచ్చట. ఆ ఏడాదే విడుదలై బ్రీ లార్సన్‌కి ఉత్తమ నటి ఆస్కార్ తెచ్చిన ‘రూమ్’ సినిమా కూడా వాళ్లదే. ఒక చేత్తో ఆస్కార్ సినిమా, ఇంకో చేత్తో వారం వారం సీరియల్. మన దగ్గర సినిమావాళ్లు సీరియల్‌ని ఓ మెట్టు కిందిదిగా చూస్తారు కాబట్టి ఈ మాట చెప్పాలనిపించింది.

షూటింగ్ జరిగింది డబ్లిన్ సౌత్ సర్క్యులర్ రోడ్డులోని పాత జాన్ ప్లేయర్ సిగరెట్ ఫ్యాక్టరీలో. పొగాకు పని ఆగిపోయిన ఆ పెద్ద కట్టడం లోపల స్టేషన్, ఇళ్లు, ఊరి మూలలు కట్టుకున్నారు. ఇందులో లెక్క ఉంది. సీరియల్ బతకాలంటే రోజూ కొత్త చోటికి వెళ్లి తీయకూడదు. నాలుగైదు గదుల్లో కథ తిరగాలి, ఆ గదుల్లోకి ఊళ్లో ప్రతివాడూ రావడానికి ఒక సాకు ఉండాలి. బ్రిటిష్, ఐరిష్ సీరియళ్లలో ఆ సాకు పేరు పబ్. కరొనేషన్ స్ట్రీట్‌కి రోవర్స్ రిటర్న్, ఈస్ట్ఎండర్స్‌కి క్వీన్ విక్, డబ్లిన్‌లోని ‘ఫెయిర్ సిటీ’కి మెకాయ్స్. మన రచ్చబండో, హోటల్ దగ్గర టీ బల్లో అనుకోండి. పనున్నవాడూ పని లేనివాడూ వచ్చి కూర్చుంటాడు, ఒకరి సంగతి ఇంకొకరికి తెలుస్తుంది, కథ కదులుతుంది.

రెడ్ రాక్ ఆ బల్ల తీసేసి అక్కడ పోలీస్ స్టేషన్ కౌంటర్ పెట్టింది. ఇదే దాని అసలు తెలివి అంటాను. పబ్బుకి మనుషులు ఇష్టపడి వస్తారు, ఇష్టం లేకపోతే లేచి వెళ్లిపోతారు. స్టేషన్‌కి ఎవడూ సరదాకి రాడు. వచ్చినవాడు తలుపు తీసుకుని తనంతట తాను వెళ్లిపోయే వీలూ ఉండకపోవచ్చు. కొడుకు పోయిన తల్లీ, చంపాడని పట్టుకొచ్చిన కుర్రాడి తండ్రీ ఒకే బెంచీ మీద కూర్చోవాల్సి వస్తుంది. కౌంటర్ అవతల పోలీసు, మొన్నటిదాకా ఇద్దరికీ హలో చెప్పినవాడే. పబ్బులో ఇలాంటి సీను రప్పించాలంటే రచయిత పది భాగాలు చెమటోడ్చాలి.

గార్డా అంటే ఎవరు

ఇక్కడ ఒక విషయం విడదీసి చెప్పుకోవాలి. ‘ఊరి పోలీసు’ అని మనం సులువుగా అనేస్తాం గానీ, ఐర్లండ్‌లో ఊరికో జిల్లాకో వేరే పోలీసు శాఖ లేదు. దేశమంతటికీ ఒకటే దళం, పేరు ఆన్ గార్డా షీఖానా. శాంతిని కాపాడేవాళ్లు అని ఐరిష్‌లో అర్థం. ఒక్కరైతే గార్డా, నలుగురైతే గార్డీ. జనం నోట మాత్రం ‘గార్డ్స్’. స్టేషన్‌ని పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ‘బ్యారక్స్’ అంటారు.

ఆ మాట వెనక వందేళ్ల జ్ఞాపకం ఉంది. బ్రిటిష్ పాలనలో ఉన్న పోలీసు దళం రాయల్ ఐరిష్ కాన్‌స్టాబ్యులరీ. చేతిలో తుపాకీ, ఉండేది బ్యారక్స్‌లో. ఊళ్లో జరిగే ప్రతిదీ పైకి చేరవేసేది. స్వాతంత్ర్య పోరాటంలో ఆ బ్యారక్స్ మీదే దాడులు జరిగాయి. 1922లో దళాన్ని రద్దు చేసి గార్డాని పెట్టినప్పుడు కొత్త ప్రభుత్వం తుపాకీ లేకుండానే వాళ్లని ఊళ్లలోకి పంపింది. అంతర్యుద్ధం నడుస్తున్న రోజుల్లో తీసుకున్న నిర్ణయం ఇది. ఆయుధబలంతోనో సంఖ్యాబలంతోనో కాక జనానికి సేవకులుగా సంపాదించుకునే నైతిక అధికారంతోనే ఈ దళం నెగ్గుతుందని మొదటి కమిషనర్ మైఖేల్ స్టెయిన్స్ అన్న మాట అక్కడ తరచూ తలుచుకుంటారు. ఇప్పటికీ యూనిఫారంలో ఉండే మామూలు గార్డా దగ్గర తుపాకీ ఉండదు. అంటే అతనికి ఉన్న బలమల్లా ఊరివాళ్లు అతని మాట వినడమే. వినకపోతే? నాటకానికి అక్కడే బీజం.

ఇంకో ఆనవాయితీ. గార్డాకి సొంత ఊరికి దగ్గర్లో పోస్టింగ్ ఇవ్వకూడదని చాలాకాలం పట్టింపుగా ఉండేది. కాబట్టి ఊరి గార్డా ఎప్పుడూ వేరే ఊరివాడే. ఈ ఊళ్లో ఇల్లు తీసుకుంటాడు, పిల్లల్ని ఇక్కడి బడిలో వేస్తాడు, ఆదివారం ఈ ఊరి జట్టు తరఫున ఆడతాడు. అందరికీ తెలుసు, కానీ ఎవరికీ చుట్టం కాడు. కింది కోర్టులో చిన్న కేసులు పోలీసులే స్వయంగా వాదించే పద్ధతి కూడా అక్కడ ఉంది. పొద్దున పాలు కొన్న కొట్టు యజమాని కొడుకునే సాయంత్రం పట్టుకుని, నెల తర్వాత జడ్జి ముందు నిలబెట్టాల్సి వస్తుంది. మర్నాడు పాలు ఎక్కడ కొంటాడు?

మనకి స్టేషన్ మెట్లు ఎక్కడమంటే పరువుకి సంబంధించిన సంగతి. అక్కడ జనం మామూలు పనుల మీద కూడా వెళ్తుంటారు. మనకి పాస్‌పోర్ట్ వెరిఫికేషన్ కోసం పోలీసు ఇంటికొస్తాడు. అక్కడ దరఖాస్తు పట్టుకుని మనిషే స్టేషన్‌కి వెళ్లి, ఫారం మీద, ఫొటో వెనక గార్డా చేత సాక్షి సంతకం పెట్టించుకుని, స్టేషన్ ముద్ర వేయించుకుని రావడం మామూలు.

ఈ కౌంటర్ తెలుగువాళ్లకీ కొత్త కాదు. ఐర్లండ్‌కి చదువుకో ఉద్యోగానికో వెళ్లినవాళ్లు దిగిన తర్వాత చేయాల్సిన మొదటి పనుల్లో ఒకటి ఇమిగ్రేషన్ రిజిస్ట్రేషన్. ఏళ్ల తరబడి ఆ పని గార్డా శాఖలోని ఇమిగ్రేషన్ విభాగానిది. ఆ విభాగం పేరులోని నాలుగు ఇంగ్లిష్ అక్షరాలతో ‘జీఎన్ఐబీ కార్డ్’ అనే మాట పుట్టింది. 2017 చివర్లో కార్డు పేరు ఐఆర్‌పీగా మారినా పాతవాళ్ల నోట ఆ మాట పోలేదు. డబ్లిన్‌లో ఉన్నవాళ్లు లిఫీ నది ఒడ్డున బర్గ్ కీ ఆఫీసుకి వెళ్లాలి. 2016లో ఆన్‌లైన్ అపాయింట్‌మెంట్లు వచ్చేదాకా అక్కడ తెల్లారకముందే, కొన్ని సీజన్లలో ముందు రాత్రి నుంచే, చలిలో క్యూ కట్టేవారు. ఒక చేతిలో పాస్‌పోర్టు, కాలేజీ లెటర్, బ్యాంక్ కాగితాలు, ఇంకో చేతిలో ఫ్లాస్కు, వెనకవాడికి జాగా అప్పజెప్పి కాళ్లు సాగదీయడానికి రెండడుగులు. డబ్లిన్ బయట చిన్న ఊళ్లలో ఉన్నవాళ్లయితే దగ్గర్లోని గార్డా స్టేషన్‌కే వెళ్లేవాళ్లు. యూనిఫారంలో ఉన్న మనిషి మన పేరు కూడబలుక్కుని చదివి, 300 యూరోలు కట్టించుకుని, వేలిముద్ర తీసుకుని, “ఊరు నచ్చిందా?” అని అడగడం. రెడ్ రాక్‌లో కౌంటర్ సీన్లు చూసినప్పుడు ఆ దారిన వెళ్లొచ్చిన తెలుగువాడికి అందరికన్నా ముందు గుర్తొచ్చేది ఇదే.

2015లోనే ఎందుకు

సీరియల్ వచ్చిన సమయం కూడా చూడాలి. 2008 ఆర్థిక పతనం తర్వాత ఐర్లండ్ ప్రభుత్వం చేతికందిన ఖర్చునల్లా కోసింది. గార్డాలో కొత్త నియామకాలు 2009లో ఆపేశారు. టెంపుల్‌మోర్‌లోని శిక్షణ కాలేజీలోకి కొత్త బ్యాచ్ మళ్లీ అడుగుపెట్టింది 2014 సెప్టెంబర్‌లో. మధ్యలో ఐదేళ్లు దళంలోకి కొత్త రక్తం లేదు. 2012లో 39 స్టేషన్లు, 2013లో మరో 100 మూతపడ్డాయి. వాటిలో చాలా వరకు పల్లెల్లో ఒకరిద్దరు నడిపే చిన్నవే. అయినా ఊరివాళ్లకి పోయింది పోలీసు ఒక్కడే కాదు, తలుపు తట్టగలిగే ఒక ఇల్లు.

ఆ నేపథ్యంలో రెడ్ రాక్ ఏం చూపించింది? ఊరి నడుమ దీపం వెలుగుతున్న స్టేషన్. అందులో కొత్తగా ఉద్యోగంలో చేరిన షారన్ క్లియర్ అనే అమ్మాయి, ఆ పాత్రలో జేన్ మెక్‌గ్రాత్. నిజ జీవితంలో ఐదేళ్ల తర్వాత మొదటి బ్యాచ్ టెంపుల్‌మోర్‌లో కవాతు చేస్తున్న నెలల్లో, తెర మీద కొత్త గార్డా. తీసినవాళ్లు లెక్కపెట్టి పెట్టారో, కాలం అలా కలిసొచ్చిందో గానీ చూసేవాళ్లకి అది అతికింది. అన్నట్టు, గార్డాలోకి ఆడవాళ్లని తీసుకోవడం మొదలైంది 1959లో. ‘బాన్‌గార్డా’ అని వాళ్లకి వేరే పేరు పెట్టి పిలవడం 1990 దాకా సాగింది.

ఇంకో వైపు చీకటి కూడా ఉంది. 2014 గార్డా చరిత్రలో తలెత్తుకోలేని ఏడాది. మారిస్ మెక్‌కేబ్ అనే సార్జెంట్, కావన్–మోనహన్ ప్రాంతంలో కేసుల దర్యాప్తు సరిగా జరగడం లేదని, పలుకుబడి ఉన్నవాళ్ల డ్రైవింగ్ పెనాల్టీ పాయింట్లు అడ్డదారిన కొట్టేస్తున్నారని ఫిర్యాదు చేశాడు. శాఖ లోపలి మనిషే శాఖ తప్పు బయటపెట్టడం. ఆ గొడవ ముదిరి మార్చిలో కమిషనర్ మార్టిన్ కాలినన్ దిగిపోయాడు. మేలో న్యాయశాఖ మంత్రి అలన్ షాటర్ రాజీనామా చేశాడు. మెక్‌కేబ్ నిజాయితీపరుడని విచారణ ట్రైబ్యునల్ నివేదిక స్పష్టంగా చెప్పేసరికి 2018 అయింది. రెడ్ రాక్ మొదటి భాగం వచ్చింది ఈ రాజీనామాల తర్వాత ఏడాది కూడా తిరగకుండానే.

ఇలాంటప్పుడు పోలీసుల్ని కడిగిన ముత్యాల్లా చూపిస్తే జనం నవ్వుతారు, అందరూ దొంగలే అంటే వారం వారం చూడరు. సీరియల్ రెంటినీ ఒకే కప్పు కింద పెట్టింది. కానర్ మలెన్ వేసిన సూపరింటెండెంట్ జేమ్స్ మెకే స్టేషన్‌కి పెద్ద, కానీ చేతులు శుభ్రంగా లేని పెద్ద. ప్యాట్రిక్ ర్యాన్ వేసిన పాడ్జ్ బ్రెన్నన్ ఇంకో రకం. ప్రతి స్టేషన్‌లో ఒకడుండే మంచివాడు, జనానికి దగ్గరైనవాడు. కీలీల ఇంటి పెద్దావిడ బ్రిజెట్‌ని వేలరీ ఓకానర్ వేసింది. ఆవిడ ముందు ఈ ఇద్దరు పోలీసుల మర్యాదలూ ఒకేలా పనిచేయవు. మన సీరియళ్లలో పోలీసు వస్తే హీరో అయినా కావాలి, విలన్‌కి తొత్తు అయినా కావాలి. రోజంతా ఫారాలు నింపి, టీ తాగి, సాయంత్రానికి ఒక తప్పు చేసి, రాత్రి నిద్ర పట్టక దొర్లే పోలీసు మనకి పెద్దగా తగల్లేదు.

ముగియాల్సిన కేసు, ముగియని కథ

ఇప్పుడు వృత్తిపరమైన చిక్కు ఒకటి. పోలీసు కథకి ముగింపు కావాలి. దొంగ దొరకాలి, శిక్ష పడాలి, చూసేవాడు ఊపిరి పీల్చుకోవాలి. సీరియల్‌కి ముగింపే శత్రువు. ఈ రెండూ ఒకే ఒరలో ఎలా ఇముడుతాయి? బ్రిటన్‌లో 1984 నుంచి 2010 దాకా నడిచిన ‘ద బిల్’ అనే పోలీసు సీరియల్ ఈ ఇబ్బందితోనే పాతికేళ్లు పెనుగులాడింది. కొన్నాళ్లు వారానికో కేసు, కొన్నాళ్లు పోలీసుల సొంత గొడవలు.

రెడ్ రాక్ కనిపెట్టిన దారి చిన్న ఊరు. పెద్ద నగరంలో కేసు ముగిస్తే బాధితుడూ నిందితుడూ గుంపులో కలిసిపోతారు. రేవు పట్టణంలో కేసు మూసేసినా మనుషులు మూతపడరు. జైలుకెళ్లినవాడి అమ్మ రేపు ఇదే కొట్టుకి వస్తుంది. సాక్ష్యం చెప్పిన పిల్ల ఎల్లుండి అదే బస్ ఎక్కుతుంది. కేసు ఫైల్ అల్మరాలోకి వెళ్లిన రోజే కక్ష మొదటి పేజీ తెరుచుకుంటుంది. ఇందులో పోలీసు నేరం విప్పేవాడు కాడు, పర్యవసానాల మధ్య బతికేవాడు. మిగతా ఐరిష్ సీరియళ్ల నుంచి దీన్ని వేరు చేసేది ఇదే.

ఆ మిగతావాటి గురించి రెండు ముక్కలు. ఐర్లండ్‌లో సీరియల్ అంటే చాలాకాలం పల్లె కథే. 1965లో మొదలైన ‘ద రియోర్డన్స్’ని స్టూడియో వదిలి నిజమైన పొలంలోకి కెమెరాలు మోసుకెళ్లి తీశారు. గర్భనిరోధక సాధనాల అమ్మకమే చట్టవిరుద్ధంగా ఉన్న రోజుల్లో ఆ సంగతి కథలోకి తెచ్చి దుమారం లేపింది. 1983 నుంచి 2001 దాకా ‘గ్లెన్‌రో’ ఆదివారం సాయంత్రం వచ్చేది. ఆ తరంవాళ్లకి దాని సంగీతం వినపడితే చాలు, రాయని హోంవర్కు గుర్తొచ్చి కడుపులో తిప్పేదట. 1989లో పుట్టిన డబ్లిన్ కథ ఫెయిర్ సిటీ, 1996లో ఐరిష్ భాషలో మొదలైన ‘రోస్ నా రూన్’ ఇప్పటికీ నడుస్తున్నాయి. ఇవన్నీ ప్రభుత్వ రంగంలోని ఛానెళ్లవే. ప్రైవేట్ ఛానెల్ వీటి పక్కన నిలబడే సీరియల్ తీయడం రెడ్ రాక్‌తోనే జరిగింది.

అటు నుంచి వచ్చినవి, ఇటు నుంచి వెళ్లినది

మొదలైన ఆరు నెలలకి ఒక వింత జరిగింది. 2015 జూలైలో బీబీసీ వన్ రెడ్ రాక్‌ని కొని మధ్యాహ్నం వేళ వేయడం మొదలుపెట్టింది. యాభై ఏళ్లుగా సీరియళ్లు బ్రిటన్ నుంచి ఐర్లండ్‌కి వస్తుంటే ఇది ఎదురు ప్రవాహం. బ్రిటన్‌లో మధ్యాహ్నం ఇంట్లో ఉండేవాళ్లకి గార్డా, గార్డీ అనే మాటలు ఎవరూ అర్థం చెప్పకుండానే అలవాటయ్యాయి. అంత చిన్న మార్కెట్ ఉన్న దేశంలో ఇలా బయటి కొనుగోలుదారు దొరకడం మాటలు కాదు.

ఇంట్లో మాత్రం పరిస్థితి నిలకడగా లేదు. మొదట వారానికి రెండు అరగంటలు వచ్చేది. తర్వాత గంట నిడివికి మారింది. ఇది పైకి చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, అరగంట చొప్పున వచ్చే సీరియల్ అలవాటు, గంట డ్రామా ఎదురుచూపు. అలవాటుకి మతిమరుపు ఉండదు, ఎదురుచూపుకి ఓపిక కావాలి. కథ చిక్కబడింది, సీరియల్ తనం పలచబడింది. నా మటుకు గంట భాగాలే బిగుతుగా అనిపిస్తాయి. కానీ సాయంత్రం కూర వేగుతుండగా ఓ కంట చూసేవాడికి ఆ బిగుతు బరువే.

ఈలోగా అద్దె ఇంటి కథ మళ్లీ తిరిగింది. 2015లోనే టీవీ3ని వర్జిన్ మీడియా ఐర్లండ్ కొనేసింది. కొత్తగా వచ్చిన యూటీవీ ఐర్లండ్ అనుకున్నంత మందిని పట్టలేకపోయింది. దాని మాతృసంస్థ టీవీ వ్యాపారాన్ని బ్రిటన్‌లోని ఐటీవీ 10 కోట్ల పౌండ్లకి తీసుకుంది. ఐటీవీకి డబ్లిన్ ఛానెల్ ఉంచుకోవాలన్న మోజు లేదు. 2016లో 1 కోటి యూరోలకి దాన్ని ఎవరికి అమ్మిందనుకున్నారు? టీవీ3కే. పోగొట్టుకున్న కరొనేషన్ స్ట్రీట్, ఎమర్‌డేల్ ఆ కొనుగోలుతో పాటు వెనక్కొచ్చేశాయి. 2017 జనవరిలో యూటీవీ ఐర్లండ్ అనే పేరే పోయి బీ3 అయింది.

ఇప్పుడు ఆ ఛానెల్ లెక్కల మనిషి కుర్చీలో కూర్చుని చూడండి. హక్కులు కొంటే చాలు వచ్చే రెండు సీరియళ్లు చేతిలో ఉన్నాయి. వాటి పక్కనే సెట్టు, నటులు, రచయితలు, లైట్లు, భోజనాలు అన్నీ తనే భరించాల్సిన రెడ్ రాక్ ఉంది. ఏ లోటు పూడ్చడానికి దాన్ని కన్నారో ఆ లోటే లేదు. రెడ్ రాక్ ఆగడానికి కారణం ఇదొక్కటే అని ఎవరూ కాగితం మీద రాసిపెట్టలేదు, ఇది నా అంచనా. కానీ తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే వేరే అంచనా వేయడం కష్టం. మూడు సిరీస్‌ల దగ్గర కథ ఆగింది.

అందులోంచి బయటికొచ్చినవాళ్లు మాత్రం ఆగలేదు. రేచెల్ రీడ్ పాత్రలో కనిపించిన యాన్ స్కెలీ ఆ తర్వాత అమెరికన్ సిరీస్ ‘ద నెవర్స్’లో ముఖ్య పాత్ర వేసింది. రిచర్డ్ ఫ్లడ్ అమెరికా వెళ్లి ‘గ్రేస్ అనాటమీ’లో డాక్టరు అయ్యాడు. పీటర్ మెకెన్నా 2021లో డబ్లిన్ నేర కుటుంబం మీద వచ్చిన ‘కిన్’ సిరీస్ సృష్టికర్తల్లో ఒకడు. అందులోనూ పగలే, అందులోనూ కుటుంబాలే. ఈసారి కెమెరా కౌంటర్‌కి అవతలి వైపు నిలబడింది.

మూతపడ్డ స్టేషన్ల కథ కూడా ఒకటి మిగిలింది. డబ్లిన్ దక్షిణాన స్టెప్‌ఎసైడ్ అనే చోట 2013లో మూసిన గార్డా స్టేషన్‌ని మళ్లీ తెరిపించడాన్ని షేన్ రాస్ అనే మంత్రి పట్టుబట్టి రాజకీయ అంశం చేశాడు. అన్ని ఊళ్లు ఉండగా మంత్రిగారి నియోజకవర్గంలో స్టేషనే ఎందుకని పెద్ద రభస జరిగి, 2020 మార్చిలో తలుపులు తెరుచుకున్నాయి. రెడ్ రాక్ రచయితలకి దొరికి ఉంటే రెండు నెలలు నడిపేవాళ్లు.

టీవీ3 పేరు 2018 ఆగస్టులో వర్జిన్ మీడియా వన్‌గా మారింది. సాయంత్రం ఆ ఛానెల్ పెడితే కరొనేషన్ స్ట్రీట్ వస్తుంది.